ఇంకో కుజుమిగారి పెట్టె

నాన్న సామానంతా చాప మీద పరిచాడు. అంతా అంటే అంతా. రెండు కెమెరాలు, లెన్సులు, పెద్ద ట్రైపాడ్, చిన్న ట్రైపాడ్, ఫిల్టర్ల డబ్బా, బ్యాటరీలు, చార్జర్లు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, వాన పడితే కెమెరాకి తొడిగే చొక్కా. మా నాన్నకి వాన చొక్కా లేదు గానీ కెమెరాకి ఉంది. అన్నిటికీ చివర, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు మెత్తటి దిండు మీద, ఆ తెల్ల లెన్సు! పక్షుల లెన్సు. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుంది, బరువు నీళ్ళ బిందెంత. దాన్ని చూస్తే నాకు కూడా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది.

"వీటిలో ఒక కెమెరా, ఒక లెన్సు," అంది అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ. "మిగతావన్నీ బీరువాలోకి."

"ఒకటా? ఒకటంటే..."

"ఒకటంటే ఒకటేనండీ. మీకు లెక్కలొచ్చుగా, ఇంజనీరు కదా."

సంగతేమిటంటే, నాన్నకి అకితాకి బదిలీ అయింది. ఏప్రిల్లో చేరాలి. మా నగోయా నుంచి అకితా అంటే దేశానికి ఆ చివర, ఏడాదిలో సగం మంచు. నా చదువు ఇక్కడే కాబట్టి నేనెలాగూ వెళ్ళను. వెళ్ళాలో వద్దో తేల్చుకోవాల్సింది అమ్మ. వెళ్తే ఇన్నేళ్ళుగా చేస్తున్న లైబ్రరీ ఉద్యోగం మానేయాలి, ఆ మాట సోమవారానికల్లా వాళ్ళకి చెప్పేయాలి. వెళ్ళకపోతే నాన్న ఒక్కడే వెళ్ళి కంపెనీ ఇచ్చే ఒంటిగదిలో ఉండి నెలకోసారి ఇంటికొస్తాడు. మా వీధిలో సగం మంది మగవాళ్ళు అలాగే బతుకుతున్నారు, ఎందుకని ఎవరూ అడగను కూడా అడగరు. నా భయం కూడా అదే. విడాకులైతే ఊరంతా అడుగుతుంది. ఇలా విడిపోతే విడిపోయినట్టు ఎవరికీ తెలీదు, విడిపోయిన ఇద్దరికీ కూడా కొన్నాళ్ళ దాకా తెలీదు.

నాన్నకి అమ్మ రావాలనే ఉంది. నిజంగా. అకితాలో ఇళ్ళ ఫొటోలు చూసి, అమ్మకి కరెంటు పొయ్యి నచ్చదని గ్యాసు పొయ్యి ఉన్న ఇల్లు వెతికిపెట్టాడు.

అమ్మ ఆ ఇల్లు చూసింది, బాగుందంది, తర్వాత తన షరతు చెప్పింది. "వెళ్ళేముందు ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళ్దాం. మీరు ఒక్క కెమెరా, ఒక్క లెన్సు తెచ్చుకోండి. నాతో కూర్చుని తినండి, నాతో నడవండి. మీతో ఉండటం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. గుర్తొస్తే అకితా వస్తాను."

"మర్చిపోవడమేంటి మచికో, రోజూ ఒకే ఇంట్లోనే ఉంటున్నాం కదా!"

"హొక్కైదోలో కూడా ఒకే గదిలో ఉన్నామండీ."

హొక్కైదో పేరెత్తితే నాన్న నోరు మూతపడుతుంది. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. కొంగలు చూడ్డానికి అక్కడికి వెళ్ళాం. అమ్మకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నాన్న ఇంకా తెల్లారకముందే సామానంతా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, మధ్యాహ్నం తిరిగొచ్చాడు. నేను తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. తలుపు తీయగానే మా నాన్న అన్న మొదటి మాట, "అబ్బా, ఏం వెలుతురో తెలుసా!" జ్వరం గురించి అడిగాడు, అడగలేదని కాదు. కానీ అది రెండో మాట.

సరే, ఒక్క లెన్సు. ఏది? అసలు ఇంతకంటే మజా అయిన ప్రశ్న ప్రపంచంలో ఉంటుందా! నేనూ నాన్నా చాప మీద బోర్లా పడుకుని వాదించుకున్నాం.

"జూమ్ తీసుకో నాన్నా. దూరం, దగ్గర రెండూ వస్తాయి."

"జూమ్ అంటే బద్ధకమే నాగీ. పైగా అది మెడని లాగేస్తుంది, మీ అమ్మ దాన్ని చూడగానే మొహం మాడ్చుకుంటుంది."

"పోనీ యాభై ఎమ్మెమ్ లెన్సు?"

"గదిలో ముగ్గురం కూర్చుంటే యాభైకి మీ అమ్మ ముక్కు, నీ చెవి మాత్రమే పడతాయి."

"అయితే ముప్పై అయిదు."

నాన్న ఆ చిన్న లెన్సుని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. గుండ్రంగా, బుజ్జిగా, బన్ను ముక్కలా ఉంది. అమ్మ వెనక నుంచి వంగి చూసి, "దాన్ని మెడలో వేసుకుని అన్నం తినగలరా?" అంది.

"తినగలను."

"అయితే అదే."

మిగతావి ఒక్కొక్కటీ తేమ పట్టని గాజు బీరువాలోకి వెళ్ళాయి. తెల్ల లెన్సు చివర వెళ్ళింది. నాన్న బీరువా తలుపు వేసి, అద్దం మీద వేలిముద్ర చొక్కా అంచుతో తుడిచి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. అమ్మ నావైపు చూసి కనుబొమలెగరేసింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తూ మా వీధి చివరి కొట్లో అన్నం ముద్ద కొనుక్కుందామని ఆగాను. కౌంటర్ దగ్గర నాన్న. ఆయన ముందు ఒక పెట్టె. ఆ పెట్టెని చూడగానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. అంత పొడుగు వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు. మా దగ్గర ఎవరూ ప్రయాణానికి పెద్ద సామాను మోసుకెళ్ళరు కదా, ముందురోజే ఇలాంటి కొట్లో కొరియర్‌లో వేస్తే మనకంటే ముందు హోటలు చేరిపోతుంది. చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు. అమ్మ ఒప్పందం పెట్టేటప్పుడు ఈ ఒక్క సంగతి మర్చిపోయింది.

"నాన్నా!"

నాన్న ఉలిక్కిపడి పెట్టె మీద చెయ్యి వేశాడు, అలా వేస్తే అది కనపడనట్టు.

"అరవకు. వట్టి ధైర్యం కోసం. తెరవనే తెరవను."

"తెరవనిదానికి పంపడం ఎందుకు?"

"పక్కన ఉందని తెలిస్తే మనసు కుదురుగా ఉంటుంది నాగీ. సిగరెట్ మానేసినవాడు జేబులో ఒకటి ఉంచుకోడూ? అలాగ." కొట్టువాడు చీటీ అంటిస్తున్నంతసేపూ ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. "మా పక్షుల ఫొటోలు తీసేవాళ్ళ గుంపులో ఒకాయన చెప్పాడు. మనం దిగబోయే హోటలు వెనక వాగులోకి కొండ లకుముకి పిట్ట వస్తుందట. తల మీద కిరీటం, ఒళ్ళంతా నలుపూ తెలుపూ చుక్కలు. పొద్దున పూట ఒకే రాయి మీద కూర్చుంటుందట! నా జన్మలో దాన్ని ఒక్కసారి కూడా..."

పాపం అమ్మ, ఆ కమినోయు అనే ఊరిని ఎంచుకున్నదే ఫొటో తీయడానికి అక్కడేమీ లేదని. కొండ, వాగు, వేడినీటి బుగ్గ, పొగమంచు. కావాలని వెతికి వెతికి పట్టుకుంది.

"అమ్మకి చెప్పేద్దాం నాన్నా. తిడుతుంది, అంతేగా."

"హోటలుకి ఫోన్ చేసి చెప్పాను, ఆఫీసులోనే ఉంచమని. గదిలోకి రాదు. మీ అమ్మ కంట పడదు. పడనిదాని గురించి ఆవిడని బాధపెట్టడమెందుకు చెప్పు?" అని నా అన్నం ముద్ద డబ్బులు తనే ఇచ్చాడు. మా నాన్న నాకు లంచం ఇవ్వడం అదే మొదటిసారి, అదీ అన్నం ముద్ద.

రైలు ప్రయాణం ఎంత బాగుందో చెప్పలేను. ముందు సీటుని మావైపు తిప్పుకుని ముగ్గురం ఎదురెదురుగా కూర్చున్నాం. కొండలు దగ్గరికొస్తున్నకొద్దీ కిటికీ పక్క నది ఆకుపచ్చగా మారుతోంది. బుజ్జి లెన్సుతో నాన్న అచ్చం మనిషిలా ప్రవర్తించాడు! ఒక ఫొటో తీసి కెమెరా ఒళ్ళో పెట్టేశాడు. అమ్మ తెచ్చిన అన్నం డబ్బాలోంచి వేయించిన రొయ్య నాకిచ్చాడు. అమ్మ ఏదో అని నవ్వుతుంటే ఒక్క క్లిక్. వెనక తెర మీద చూసుకుని, "మచికో, ఇలా రా, ఇది చూడు," అన్నాడు. అమ్మ చూసింది. తన నవ్వు తను చూసుకుని, "నా పళ్ళు ఇలా ఉంటాయా?" అంది గానీ కెమెరా వెంటనే తిరిగివ్వలేదు.

తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "అకితాలో లైబ్రరీ ఉంటుందా?" అంది.

"ఉంది," అన్నాడు నాన్న వెంటనే. "ఆ ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. చూశాను."

"అది కూడా చూశారా?"

"చూడనా మరి!"

అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే ఆ పెట్టె గుర్తొచ్చింది. ఈపాటికి అది మాకంటే ముందు చేరిపోయి ఉంటుంది.

హోటల్లో మా గది చూసుకునే ఆవిడ పేరు యొనెదా. బూడిదరంగు కిమోనో, గుండ్రటి ముఖం, వంగినప్పుడల్లా ఎక్కణ్ణించి వస్తుందో తెలియని చిన్న నవ్వు. ఆవిడ ముందు నడుస్తూ, మెట్టుంది జాగ్రత్త అని ప్రతి మెట్టుకీ చెబుతూ తీసుకెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని గది తలుపు పక్కకి జరిపింది.

గోడలో బొమ్మ వేలాడదీసే అరుగు ఉంటుంది కదా, గదిలోకెల్లా గౌరవమైన చోటు. అక్కడ కొమ్మ మీద మొదటి పూలు వేసిన బొమ్మ, దాని కింద పట్టు దిండు, దిండు మీద నాన్న పెట్టె. దేవుణ్ణి కూర్చోబెట్టినట్టు.

"మీ పెట్టె పొద్దున్నే వచ్చేసిందండీ," అంది యొనెదా సంబరంగా. "ఆఫీసులో ఉంచమని చెప్పారట గానీ, పగిలే వస్తువని రాసుంది చూడండి, అక్కడ అందరూ అటూ ఇటూ తిరుగుతుంటారు. ఎవరి కాలో తగిలితే ఎంత పాపం! అందుకని ఇద్దరం కలిసి పైకి తెచ్చేశాం. ఏం బరువండీ బాబూ!"

అమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. అరుగు దగ్గరికెళ్ళి నిలబడింది. పెట్టె మీద కుజుమి అని మా ఇంటిపేరు, నాన్న చేతి రాత, పెద్ద అక్షరాలు, గది అవతలి నుంచి నాకే కనపడుతున్నాయి. అమ్మ చాలా మెల్లగా అడిగింది. అసలు కోపం లేదు ఆ గొంతులో. ఎలా అడిగిందంటే, అవునని ఒక్క మాట అంటే నవ్వేయడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"ఏమండీ, ఇది మనదా?"

అను నాన్నా అను, అవునను, తప్పయిపోయింది, ఆగలేకపోయాను, ఏదో ఒకటి అను!

"కాదే," అన్నాడు నాన్న. "మనది కాదు. ఏదో పొరపాటు జరిగినట్టుంది."

యొనెదా నాన్న ముఖం చూసింది, పెట్టె మీది పేరు చూసింది, అమ్మ వీపు చూసింది. మరుక్షణం చాపకి నుదురు ఆనేంతగా వంగిపోయింది.

"క్షమించండి! ఎంత బుద్ధితక్కువదాన్ని! ఇవాళే ఇంకో కుజుమిగారు కూడా దిగుతున్నారండీ. వారిది తెచ్చి మీ గదిలో పెట్టేశాను. పొరపాటు పూర్తిగా నాది!"

వచ్చిన అతిథి పరువు పోకుండా చూడటం ఆవిడ పని. ఆవిడ పని ఆవిడ చేసింది. ఇద్దరు మోసిన పెట్టెని ఒక్కతే రెండు చేతులా గుండెకి హత్తుకుని ఎత్తింది. నేను సాయం పట్టబోతే నాన్న నా వైపు అలా చూశాడు, నేను ఆగిపోయాను. వాళ్ళది కాని పెట్టెని అతిథులు మోయరు కదా మరి.

హోటల్లో ఆడవాళ్ళు స్నానం చేసే వేడినీటి తొట్టిలో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. ఆవిరిలో అమ్మ ముఖం సరిగా కనపడటం లేదు. నెత్తి మీద మడతపెట్టిన తువ్వాలుతో గడ్డం దాకా నీళ్ళలో మునిగి కూర్చుంది. నేను ఏదేదో వాగుతున్నాను, నీళ్ళ వాసన గురించి, రేపటి టిఫిన్ గురించి.

"నాగిసా," అంది అమ్మ. "నేను నిన్నేమీ అడగను. అడిగితే నువ్వూ అబద్ధం చెప్పాల్సొస్తుంది."

తర్వాత నా వీపు రుద్దింది. చిన్నప్పటిలా గట్టిగా, తోలు ఊడేలా.

గదికి తిరిగొస్తుంటే నడవలో నాన్న ఎదురయ్యాడు. హోటలు వాళ్ళిచ్చిన వదులు వస్త్రంలో ఆయన ఒక్కసారిగా చిన్నవాడిలా అనిపించాడు. అమ్మ ముందు వెళ్ళిపోయింది.

"చెప్పెయ్ నాన్నా. ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్."

"ఇప్పుడు చెప్తే ఇందాక అబద్ధం చెప్పినట్టవుతుంది."

"చెప్పావుగా!"

"చెప్పకపోతే..." నాన్న ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు. "చెప్పకపోతే ఆ పెట్టె వేరేవాళ్ళది. అంతే. యొనెదాగారు కూడా అలాగే అన్నారు కదా. మీ అమ్మ నమ్మింది నాగీ. చూశావుగా, ఒక్క మాట అనలేదు."

మా నాన్న పక్షి కంటిలో మెరిసే చుక్క స్పష్టంగా పడలేదని ఫొటో పారేసే మనిషి.

భోజనం గదిలోకే వచ్చింది. ఎండిన ఆకు మీద సెగ తగులుతూ ఉడుకుతున్న మిసో అనే సోయా ముద్ద, దాని మీద మాంసం, ఉప్పు పట్టించి కాల్చిన వాగు చేప. యొనెదా ఒక్కొక్కటీ వడ్డిస్తోంది. నాన్న మెడలో బుజ్జి లెన్సు కెమెరా వేసుకునే కూర్చున్నాడు, ఒప్పందం ప్రకారం. అమ్మ నాన్నకి సాకే సారా వంపి, చాలా తీరిగ్గా మొదలుపెట్టింది.

"యొనెదాగారూ, ఆ ఇంకో కుజుమిగారు వచ్చేశారా?"

యొనెదా చేతిలో గరిటె ఆగింది. "ఆ... ఇంకా లేదండీ. కాస్త ఆలస్యమవుతుందని..."

"మా పేరు అరుదు కదా, చుట్టాలేమోనని. పలకరిద్దామనుకుంటున్నాను."

"అమ్మా, చేప చల్లారిపోతోంది," అన్నాను.

"తింటున్నాలే. ఏమండీ, మీవైపు అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? అంత బరువు పెట్టె ముందుగా పంపుకుని, తాను మాత్రం కనపడనివాళ్ళు?"

"ఉండి ఉండొచ్చు," అన్నాడు నాన్న చేప ముల్లు తీస్తూ. "కుజుమి పేరు నగోయాలో కొందరికి ఉంది."

"ఒక్కడే వస్తున్నాడేమో పాపం. పెళ్ళాం ఉండి ఉంటుందంటారా?"

"నాకెలా తెలుస్తుంది మచికో."

"ఉండే ఉంటుంది. అంత శ్రద్ధగా పెట్టె కట్టాడంటే ఇంట్లో నేర్చుకున్నదే. నాకైతే ఆ మనిషిని చూడాలని ఉందండీ. పెళ్ళాన్ని ఏమని నమ్మించి వస్తున్నాడో అడగాలనుంది." అమ్మ నవ్వింది. అందమైన నవ్వే, పొద్దున రైల్లో ఫొటో తీసిన నవ్వులాగే ఉంది. "ఎవరైనా నిలదీస్తే నాదేనని ఒప్పుకునే రకమా, కాదా? మీరేమంటారు?"

నాన్న చేపని చూస్తూనే ఉన్నాడు. "ఒప్పుకుంటాడేమో. సమయం చూసుకుని."

"సమయమా!" అంది అమ్మ. "ఆయనకి బోలెడు సమయం ఉందిలెండి. రేపు మనం గది ఖాళీ చేసేదాకా ఇక్కడే ఉంటాంగా, చూద్దాం."

యొనెదా ఖాళీ పళ్ళేలు ఎత్తుకుని, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయింది. పాపం ఆవిడకి లేని మనిషిని సృష్టించిన పాపం చుట్టుకుంది. నాన్న ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా తీయలేదు, అమ్మతో బదిలీ గురించి మాట్లాడాడు, ఇంటికి కర్టెన్లు ఏ రంగు వేయాలని అడిగాడు. నీలం రంగు తనకి ఇష్టమన్నాడు. అమ్మ, "నీలం బాగుంటుంది," అంది. నాన్నకి ఎంత ఊరట కలిగిందంటే ఇంకో గిన్నెడు అన్నం పెట్టించుకున్నాడు.

పొద్దున టిఫిన్ కింద హాల్లో. వాగు వైపంతా పెద్ద అద్దం. నేను గుడ్డు పగలగొడుతున్నాను.

అమ్మే ముందు చూసింది. "అదిగో!"

వచ్చింది! నిజంగా వచ్చింది! వాగు మధ్య నల్లరాయి మీద, పావురం కంటే పెద్దది, తల మీద ఈకలు గాలికి నిక్కబొడుచుకుని, ఇప్పుడే నిద్రలేచిన తాతయ్య జుట్టులా. ఒళ్ళంతా నలుపూ తెలుపూ. నేను కుర్చీ వెనక్కి తన్ని లేచాను. ముక్కు వాగు వైపు వంచి కదలకుండా కూర్చుంది, అంతలో దబ్బున నీళ్ళలో పడింది, మెరిసే చేపతో అదే రాయి మీదికి తిరిగొచ్చి, చేపని రాయికేసి ఠపఠపా కొట్టింది. అద్దం ఇవతలికి కూడా ఆ చప్పుడు వినిపిస్తోందేమో అనిపించింది.

"ఎంత బాగుందండీ! చూడండి, చూడండి!" అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. నిన్నటిదంతా పక్కన పెట్టి, చిన్నపిల్లలా, నిజంగానే పట్టుకుంది.

నాన్న ఆ చేతిని విడిపించుకుని కెమెరా ఎత్తాడు. ఒకటి నొక్కాడు. తల దించి తెర చూసుకున్నాడు. ఆ బుజ్జి లెన్సుకి కొండ పడింది, వాగు పడింది, అద్దం మీద మా టేబుల్ నీడ పడింది. పక్షి మాత్రం మిరియం గింజంత. పెద్దది చేసి చూశాడు, ఇంకా పెద్దది చేశాడు, గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది.

"ఛ! ఇంత దూరం నుంచి ఏం కనపడుతుంది!"

"నాకు కనపడుతోంది," అంది అమ్మ.

నాన్న పెట్టె ఉన్న ఆఫీసు తలుపు వైపు చూశాడు. అటు చూస్తూనే ఉన్నాడు. రాయి మీద పక్షి ఉన్నంతసేపూ ఆయన అటే చూశాడు. అది లేచి వాగు మీదుగా ఎగిరి వెళ్ళిపోయాక, "వెళ్ళిపోయిందా?" అని నన్నడిగాడు. జన్మంతా ఎదురుచూసిన పక్షి, మా నాన్న దాన్ని కళ్ళతో చూడనే లేదు.

అమ్మ తన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో టీ తాగింది.

గది ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ వెనక పెట్టె కనపడుతూనే ఉంది. యొనెదా దాని ముందు నిలబడి దాచాలని చూస్తోంది, కానీ ఆవిడ పొట్టి, పెట్టె పొడుగు.

"ఏమైనా మర్చిపోయారేమో ఒకసారి చూసుకోండి," అంది ఆవిడ నాన్నతో, ఒక్కొక్క మాటా ఒత్తి పలుకుతూ.

అమ్మ కూడా నాన్న వైపు తిరిగింది. "అవునండీ, మనదేమైనా ఉండిపోయిందా?"

"లేదు," అన్నాడు నాన్న. "అన్నీ తీసుకున్నాం."

స్టేషన్‌కి వెళ్ళే వ్యానులో కూర్చున్నాం. డ్రైవర్ బండి తీయబోతుంటే నాన్న, "ఒక్క నిమిషం, బాత్రూం," అని దిగి లోపలికి పరిగెత్తాడు. వ్యాను కిటికీ సరిగ్గా కౌంటర్‌కి ఎదురుగా ఉంది. మేమిద్దరం చూశాం. నాన్న వంగాడు, యొనెదా వంగింది, మళ్ళీ నాన్న ఇంకా కిందికి వంగాడు. పెన్ను తీసుకుని ఏదో రాశాడు. పెట్టె మీద చెయ్యి వేసి ఒకసారి తట్టాడు. తర్వాత బయటికొస్తూ జేబురుమాలు తీసి, తడి లేని చేతులు శుభ్రంగా తుడుచుకుంటూ వచ్చి ఎక్కాడు.

"చాలా బాగున్నాయి ఇక్కడి బాత్రూములు," అన్నాడు.

స్టేషన్‌లో అమ్మ టీ కొనడానికి వెళ్ళినప్పుడు, "ఎక్కడికి పంపావు?" అని అడిగాను.

"అకితా. కంపెనీ వాళ్ళకి. ఇంటికైతే మీ అమ్మ చూస్తుంది కదా."

రైల్లో సీటు మళ్ళీ తిప్పుకున్నాం, ఎదురెదురుగా కూర్చున్నాం. అమ్మ కమలాపండు ఒలిచి నాకు సగం, నాన్నకి సగం ఇచ్చింది. తనకి ఉంచుకోలేదు.

"సోమవారం లైబ్రరీలో చెప్పేస్తాను," అంది.

నాన్న ముందుకి వంగాడు. "ఏమని?"

"మానడం లేదని. మీరు వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను."

నది కిటికీ అటువైపుకి మారింది. నాన్న కమలా తొనలు చేతిలో అలాగే పట్టుకుని నావైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

"పెట్టె గురించేనా?" అన్నాడు చివరికి.

"ఏ పెట్టె అండీ?" అంది అమ్మ.

అమ్మ ఎదురుచూసింది. ఆవిడ ముఖంలో వెటకారం లేదు, ఎంత వెతికినా లేదు. నేను కాలితో నాన్న కాలిని తన్నాను. ఒక సొరంగం వచ్చింది, రైలంతా చీకటైంది, పోయింది, మళ్ళీ వెలుతురొచ్చింది. అమ్మ అలాగే చూస్తోంది.

"ఏం లేదు," అన్నాడు నాన్న.

అమ్మ తలూపింది. కమలా తొక్కలన్నీ ఒక కాగితంలో పొట్లం కట్టి, ఒడిలో పడ్డ పీచు దులుపుకుంది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడిన తీరు మరీ మామూలుగా ఉంది, బట్టలు సర్దడం గురించి చెబుతున్నట్టు.

"ఒక్కరే కాబట్టి గదిలో బోలెడు చోటు ఉంటుంది. ఆ గాజు బీరువా కూడా తీసుకెళ్ళండి. ఇక ఎన్ని లెన్సులైనా పెట్టుకోవచ్చు, ఒకటా రెండా అని అడిగేవాళ్ళు ఉండరు. అకితాకి చలికాలం హంసలు కూడా వస్తాయట."

నాన్న ముఖం వెలిగింది. ఒక్క క్షణమే. వెంటనే ఆరిపోయింది, "మచికో," అన్నాడు, ఇంకా ఏదో అనబోయాడు.

కానీ ఆ వెలుగు అమ్మ చూసేసింది.

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నగోయా చేరేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.